చెల్లని నిద్ర

కొండమ్మ చేసిన నిద్ర చెల్లలేదని ఆళ్లగడ్డ నుంచి కబురొచ్చింది. కబురు తెచ్చింది దారిన పోయే దానయ్య కాదు, సాక్షాత్తూ ఆమె అల్లుడు ఓబులేసు. శిరివెళ్లలో బస్సు దిగి, శనగచేల గట్ల మీద నడిచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"మా చూడి ఎనుము ఈచుకపోయింది బావా. నెలలు నిండకనే దూడ పడిపోయె. అత్త మా ఇంట్లో చేసిన నిద్ర చెల్లలేదంట. మా యమ్మ ఒంటికాలి మీద లేస్తాంది."

కొండమ్మ మనవరాలు లీలావతి తలుపు చాటున నిలబడి వింటోంది. ఆ పిల్ల పదో తరగతి. బడిలో ఆమె గొంతు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరూ విని ఎరగరు. ఇంట్లోనూ అంతే, నోట్లో నాలుక లేని పిల్ల అంటారు. కానీ ఆ మాట వినగానే ఆమెకు భగ్గున కోపం వచ్చింది.

ఆ వైపు ఊళ్లలో ఇంట్లో మనిషి పోతే, కర్మలు అయినాక ఆ ఇంటివాళ్లు బంధువుల ఇంటికి పోయి ఒక రాత్రి పండుకొని రావాలి. దాన్నే నిద్ర చేయడం అంటారు. మైల వదలడానికో, ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషికి ఒక్క రాత్రయినా చోటు మారడానికో, పెద్దలు పెట్టిన పద్ధతి. తాత సుబ్బయ్య పోయినాక, జేజి కొండమ్మ ఆళ్లగడ్డలో కూతురు పుల్లమ్మ ఇంటికి పోయి నిద్ర చేసి వచ్చింది. పోయింది, పెట్టింది తిన్నది, వేసిన మంచంలో పండుకున్నది, తెల్లారినాక బస్సెక్కి వచ్చింది. అందులో చెల్లకపోవడానికి ఏముంది?

లీలావతి నాయన మద్దిలేటి అదే అడిగాడు.

"పండుకుంటే గదా బావా!" అన్నాడు ఓబులేసు. "తెల్లార్లూ మంచంలో కూచోనే ఉండాదంట. మా యమ్మ కండ్లారా చూసింది. నిద్ర చేసేదానికి వచ్చినోళ్లు నిద్ర పోకుంటే, వాళ్లెంట వచ్చిన కీడు ఆ ఇంట్లోనే కూచుంటాదంట. మళ్లా వచ్చి నిద్ర చేయాల. ఈతూరి సరిగ్గా నిద్ర పోవాల."

పంచలో గోడకు ఆనుకొని చింతపండులో గింజలు తీస్తున్న కొండమ్మ చేతులు ఆగిపోయాయి. ఆమెను చూసి కాదు, ఆమె మీదుగా చూసి మద్దిలేటి తలకాయ ఊపాడు.

"నిజమేలే. ఈడ గూడ అంతే. అందరూ పండుకొన్నాక లేచి కూచుంటాది. డాక్టరుకన్నా చూపియ్యాల."

లీలావతి పసితనం నుంచి జేజి పక్కనే పండుకుంటోంది. జేజి నిద్ర ఎట్లాంటిదో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. పొద్దుమూకి దీపం పెట్టేసరికి జేజి కండ్లు వాలిపోతాయి. ఇల్లంతా గాఢనిద్రలో ఉన్నప్పుడు మెలకువ వస్తుంది. మళ్లీ తెల్లారి పనులయ్యాక, పంచలో ఎండ వెచ్చగా పడేవేళ కొంగు తలకింద పెట్టుకొని ఒక కునుకు. వయసులో ఉన్నప్పుడు ఒకే ముద్దగా ఉండిన నిద్ర, ముసలితనంలో ముక్కలైంది. అంతే. ముక్కలన్నీ కలిపితే ముద్ద అవుతుంది కదా!

పైగా ఆ మెలకువ తాత ఉన్నప్పుడు కూడా ఉండేది. అప్పుడు ఎవరూ దాన్ని తప్పు పట్టలేదు. జేజి లేచి దూడలకు మేత వేసేది, మజ్జిగ చిలికేది, దుక్కికి మడకలు కట్టేవాళ్లకు సంగటి కెలికేది. "మా కొండమ్మ లేసినాక గానీ కోడి లేయదు" అని తాత ఊరంతా చెప్పుకొని మురిసేవాడు. "మా అత్త ఉండబట్టి నాకు పొద్దున పని బరువు తెలీదు" అని లీలావతి అమ్మ సుంకులమ్మ కూడా అనేది. తాత ఉన్నన్నాళ్లు అది పని. తాత పోయి, జేజి చేతిలో గాజులు పోయినాక అదే మెలకువ కీడయిపోయింది, రోగమయిపోయింది. "ముండమోసినామె చీకట్లో కూచుంటే ఇల్లు బాగుపడతాదా?" అని ఇప్పుడు అమ్మే గొణుగుతోంది.

మనిషి మారలేదు, మెలకువ మారలేదు. మారింది చూసే కండ్లు. ఎంత అన్యాయం!

ఆ వారంలోనే మద్దిలేటి వాళ్లమ్మను నంద్యాలకు తీసుకుపోయాడు. బస్టాండు దగ్గర రోడ్డు దాటించడానికి, చెయ్యి పట్టుకోవడానికి లీలావతి తోడు. ఆసుపత్రి వరండా బెంచీల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. పొద్దెక్కేదాకా కూర్చున్నాక లోపలికి పిలిచారు.

"ఏమిటి ఇబ్బంది?" అని డాక్టరు మద్దిలేటిని అడిగాడు.

"నిద్ర పోదు సార్."

"అసలు పోదా?"

"అస్సలు పోదు సార్. రాత్రంతా మేలుకోనే ఉంటాది."

"పోతాను నాయనా," అంది కొండమ్మ. "పొద్దుమూకినాక ఒకతూరి, పగటిపూట..."

డాక్టరు అప్పటికే ఆమె ఎదమీద గొట్టం పెట్టాడు. "మాట్లాడకూడదమ్మా, గాలి పీల్చు" అన్నాడు. ఆమె నోరు మూసుకొని గాలి పీల్చింది. గొట్టం తీసేసరికి ఆయన చీటీ రాయడం కూడా అయిపోయింది. ఆగిపోయిన మాటను మళ్లీ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలీక, కొండమ్మ మనవరాలి వైపు చూసింది.

లీలావతి ఒక అడుగు ముందుకు వేసింది. "సార్..." అనబోయింది. బయట నుంచి ఇంకొకాయన చిన్నబిడ్డను ఎత్తుకొని తోసుకొచ్చాడు. నాయన చీటీ మడిచి జేబులో పెట్టుకొని "పా, పోదాం" అన్నాడు. అంతే. ముసలామె ఎప్పుడు పండుకుంటుంది, ఎప్పుడు లేస్తుంది, లేచినాక ఏమనిపిస్తుంది, మొగుడు పోయి ఎన్నాళ్లయింది, ఒక్క ముక్క అడగలేదు. ఇంటికి గొడ్ల డాక్టరు వస్తే ఆవును కూడా ఇంతకంటే ఎక్కువసేపు చూస్తాడు, ఏం మేసిందని అడుగుతాడు!

చీటీలో రాసిన నిద్రమాత్రలు తెల్లగా, చిన్నగా ఉండేవి. మొదటి నాలుగు రోజులు ఇంట్లో అందరూ సంతోషించారు. "సద్దు లేదు, హాయిగా ఉండాది" అంది సుంకులమ్మ. ఎవరికి హాయిగా ఉందో ఎవరూ అడగలేదు. జేజి పొద్దెక్కినాక లేచేది. లేచినా లేచినట్టు ఉండేది కాదు. తడిసిన గోనెసంచిని గోడకు ఆనించినట్టు పంచలో కూర్చునేది. సంగటి ముద్ద చేతిలో పట్టుకొని తినడం మరిచిపోయేది. ఒకరోజు లీలావతిని పట్టుకొని "వెంకటలక్ష్మీ, అమ్మ వచ్చెనా మే?" అని అడిగింది. వెంకటలక్ష్మి ఎప్పుడో చిన్నతనంలోనే పోయిన ఆమె చెల్లెలు.

లీలావతికి ఏడుపొచ్చింది. "అమ్మా, జేజికి ఆ మాత్రలు పడలేదు" అంది చిన్నగా.

"నీకేం తెల్సు? డాక్టరు కంటే ఎక్కువ సదివినావా? వయసు మీద పడినాక అంతే."

ఆ మరుసటి రోజే కొండమ్మ జాలాట్లో కాలు జారి పడింది. నలభై ఏండ్లుగా ఆమె స్నానం చేసే బండ అది. కండ్లు మూసుకొని కూడా నడవగలిగే చోటు. ఎడమచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. కట్టు కట్టేవాడిని పిలిపించి వెదురుబద్దలు పెట్టి కట్టించారు. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ "ముసిలితనం, ఏంజేస్తాం" అన్నారు. నాయన అన్నాడు, అమ్మ అంది. గూట్లో కుంకుమభరిణె పక్కన మాత్రల పొట్లం ఏ పాపమూ ఎరగనట్టు కూర్చుని ఉంది. దాని పేరు మాత్రం ఒక్కరూ ఎత్తలేదు.

చెయ్యి అట్లా కట్టుతో ఉండగానే ఆళ్లగడ్డకు మళ్లీ నిద్రకు పోవలసి వచ్చింది. ఓబులేసు రెండోసారి కబురు పెట్టాడు, అమావాస్య లోపల కానివ్వాలని. మద్దిలేటికి నీళ్ల వంతు ఉంది, మడి వదిలి రాలేడు. తోడు లీలావతే. బయల్దేరేటప్పుడు సుంకులమ్మ పొట్లం కూతురి చేతిలో పెట్టింది.

"పండుకునేముందు రెండియ్యి. ఒకదానికి లొంగుతాదో లేదో కొత్తచోట. ఈతూరన్నా మాట రాకుండా కానీ."

బస్సులో కిటికీ పక్కన కొండమ్మ కూర్చుంది. మాత్ర ఇంకా ఒంట్లో ఉన్నట్టుంది, మాట నెమ్మదిగా వస్తోంది. ఆళ్లగడ్డ దగ్గర పడుతుండగా మనవరాలి వైపు తిరిగింది.

"అది ఏస్కుంటే నాకు నిద్ర రాదు పాపా. బాయిలో పడినట్టుంటాది. పైకి రావల్లని సూస్తే రాలేను. మీ తాత యాడుండాడని ఎతుకుదామన్నా లేయలేను." కట్టు కట్టిన చెయ్యి ఒళ్లోకి తీసుకొని అడిగింది. "నా నిద్ర గూడ నాది గాదా?"

లీలావతి పరికిణీ కొసలో ముడివేసిన పొట్లాన్ని గట్టిగా పట్టుకుంది. రెండు మాత్రలట! ఒకటి వేసుకుంటేనే చెయ్యి విరిగింది.

పుల్లమ్మ ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. గడప పక్కన నవారు మంచం మీద పుల్లమ్మ అత్త గురమ్మ కూర్చుని ఉంది. ముసలామెదే ఇంటి పెత్తనం. నడుముకు తాళాలగుత్తి, నోటికి తాళం లేదు. మొగుడు పోయి చాలా ఏండ్లయినా, ఆమె ముందు గట్టిగా దగ్గడానికి కూడా కొడుకు జంకుతాడు.

"వచ్చినావా వదినా," అంది గురమ్మ. "ఈతూరన్నా సక్కంగా నిద్ర జెయ్. నీ పుణ్యాన మాకు పాలు లేకపాయ."

పుల్లమ్మ తల్లి చెయ్యి చూసి "అయ్యో మా!" అంది. కండ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి, లేదనకూడదు. కానీ ఆ నీళ్లు ఆరకముందే లీలావతి వైపు తిరిగి "మాత్రలు తెచ్చినావా పిల్లా?" అని అడిగింది.

అన్నం పెట్టారు. కొండమ్మ కుడిచేత్తో నాలుగు ముద్దలు తిని, మంచం మీద వాలింది. పొద్దు గూకుతోంది, ఆమెకు నిద్ర వచ్చే వేళే. కండ్లు అప్పుడే మూతలు పడుతున్నాయి.

"పండుకుంటాంది, పండుకుంటాంది! ఇయ్యి పిల్లా బేగా," అంటూ పుల్లమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది.

"నిద్రొస్తాంది గదత్తా జేజికి. ఇంకా మాత్ర ఎందుకు?"

"ఇప్పుడు పండుకుంటాది, నడిరేయి లేస్తాది. అందుకు."

లీలావతి లేచింది. ఎక్కడికి పోతున్నదో ఆమెకే తెలీదు. మంచానికి దూరంగా పోవాలి, అంతే. పెరట్లోకి నడిచింది. అక్కడ గాటిపాటన కట్టేసిన ఎనుము, దాని ముందు కుడితి తొట్టి. వెనకే పుల్లమ్మ చెంబు పట్టుకొని వచ్చింది.

"యాడికి పోతాండావ్? పొట్లం ఇట్లియ్యి."

"ఇయ్యను."

పుల్లమ్మ సరిగ్గా వినపడలేదనుకుంది. "ఏందీ?"

"ఇయ్యనత్తా."

"నీ యవ్వారం బాగుండాదే! రెండు మాత్రలకు ఇంత రాద్ధాంతమా? మింగితే నిద్ర పోతాది. అంతే గదా. మందే గదా, ఇసమా?"

లీలావతి పరికిణీ కొస ముడి విప్పింది. పొట్లం విప్పి, మాత్రలన్నీ అరచేతిలో పోసుకొని, ఆ చెయ్యి తొట్టి మీదికి చాపింది.

చెంబు కిందపడింది. "ఏయ్! ఏంజేస్తాండావే! అది ఎనుము తాగే కుడితి!"

"మందే గదత్తా, ఇసమా?" అంది లీలావతి. "తాగితే నిద్ర పోతాది. అంతే గదా."

"దానికేమన్నా అయితేనో! ఇప్పటికే ఒకతూరి ఈచుకపోయి దిగాలుగా ఉండాది. వాయ్యో, ఈ పిల్లను పట్టుకోండప్పా!"

అరుపుకు ఓబులేసు పరుగెత్తుకొచ్చాడు. గురమ్మ తాళాలగుత్తి గలగలలాడించుకుంటూ వచ్చింది. వాళ్ల వెనక గోడ పట్టుకొని నిద్రకండ్లతో కొండమ్మ.

"ఎనుముకేమన్నా అయితే అంటాండావే, జేజికేమన్నా అయితే?" లీలావతి చెయ్యి తీయలేదు. "ఎనుముకు పనికిరానిది జేజికెట్ల పనికొస్తాదత్తా? చెయ్యి విరిగింది. తినేది మర్సిపోతాంది. నన్ను సచ్చిపోయిన చెల్లెలనుకుంటాంది. ఇంకా ఏం కావల్ల మీకు?"

"పిల్లకు నోరు లేదంటిరే!" అంది గురమ్మ. "ఇంత నోరు యాడ దాచినావే? నీ జేజి రాత్రిళ్లు కూచుంటాది, అది మంచిది గాదు. నా కండ్లతో నేను జూసినా."

"ఎప్పుడు జూసినావవ్వా?"

"ఎప్పుడేంది? తొలి కోడి కూసినప్పుడు జూసినా, కూచోని ఉండాది. అంతకు ముందర లారీ పోయె, అప్పుడు జూసినా, కూచోని ఉండాది. గుడికాడ కుక్కలు కొట్లాడె, అప్పుడూ అంతే. తెల్లార్లూ అంతే!"

"అయితే నువ్వెప్పుడు పండుకొంటివవ్వా?"

ఎనుము నమలడం వినపడింది. ఓబులేసు తల్లి వైపు చూశాడు. ఆయన మీసాల కింద నవ్వు కదిలింది. "అవును గదమ్మా. నువ్వెప్పుడు పండుకొంటివి?"

గురమ్మ చెయ్యి తాళాలగుత్తి మీదికి పోయింది. ఆమె ముఖం ఒక్కసారి చిన్నపోయింది. లీలావతి అరచేతిలోని మాత్రలు ఇప్పుడు తనకే పెడతారేమో అని భయపడ్డట్టు.

పుల్లమ్మ గబగబా అడ్డం వచ్చింది. "మా అత్తకు మొదట్నుంచీ నిద్ర తక్కువలే. ఇంత పెద్ద ఇల్లు, కాపలా గాయాల గదా!"

ఆ మాటతో లీలావతికి ఒళ్లు మండిపోయింది. "మీ అత్త మేలుకుంటే కాపలా, మా జేజి మేలుకుంటే కీడా? తాళాలుంటే కాపలా, గాజులు పోతే కీడా? ఆయమ్మ నీ కన్నతల్లత్తా!"

పుల్లమ్మ వంగి కిందపడిన చెంబు తీసుకుంది. అప్పుడు కొండమ్మ ముందుకొచ్చి, కట్టు లేని చేత్తో మనవరాలి మణికట్టు పట్టుకొని తొట్టి మీద నుంచి మెల్లగా పక్కకు తీసింది.

"నోరు లేనిది, దానికి ఇంత కోపం తెప్పిస్తిరి. కుడితి పాడుజేయొద్దు పాపా, నోరులేని గొడ్డు." తర్వాత కూతురి వైపు తిరిగింది. "నిద్ర జేయమంటిరి, వచ్చినా. పండుకోమంటిరి, పండుకున్నా. నా నిద్ర ఎంతసేపొస్తే అంతసేపు పోతా. దాని మీద నా పెత్తనమే లేదు, మీ పెత్తనం యాడుంటాది?"

ఇక గురమ్మను చూసి చిన్నగా నవ్వింది. "ఆ పొద్దు నువ్వు మేలుకోని ఉండావని తెల్సింటే మాట్లాడుకుంటా ఉందుము గద వదినా. మీ అన్న పోయినాక అందరూ నిద్ర పొమ్మనేటోళ్లే. మాట్లాడేటోళ్లు ఒక్కరు లేకపాయ."

గురమ్మ లీలావతి అరచేతిలో మాత్రలు ఊడ్చుకొని పోయి, వంటింట్లో మండుతున్న పొయ్యిలో వేసి వచ్చింది. కోడలి వైపు చూడకుండా "మీ యమ్మ మంచం పంచలో నా మంచం పక్కన ఎయ్" అంది.

అందరూ నవ్వారు, ఓబులేసు గట్టిగా నవ్వాడు. లీలావతికి మాత్రం నవ్వు రాలేదు. గురమ్మవ్వకు మాత్ర పెట్టవలసి వస్తుందేమో అన్నప్పుడు గదా వీళ్లకు అది విషంలా కనిపించింది! అందాకా జేజి చెయ్యి విరిగినా కనిపించలేదు. అందరూ మంచివాళ్లే, అందరికీ జేజి అంటే ప్రేమే. మరి ఇంతమంది ప్రేమ కలిసి ఒక ముసలామెను ఒక్క మాట అడగలేకపోయిందే!

మరునాడు బస్సులో ఎండ వెచ్చగా పడేసరికి కొండమ్మ మనవరాలి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకొని, చిన్నబిడ్డలాగ. శిరివెళ్లలో బస్సు ఆగింది.

"దిగండి, దిగండి! ఏమ్మే, ఆ ముసిలామెను లేపు! యాడబడితే ఆడ నిద్ర వీళ్లకు!" అని కండక్టరు అరిచాడు.

"అన్నా, రాత్రిపూట నిద్రరాని వాళ్లు పగటిపూట పోతారు. ఒక్క నిమిషం ఆగితే మీ బస్సేం అరిగిపోదు," అంది లీలావతి. తనేనా మాట్లాడింది అని తనకే అనిపించింది. బస్సంతా చూసింది. కండక్టరు ఈల నోట్లో పెట్టుకొని కూడా ఊదకుండా నిలబడ్డాడు. ఆమె జేజి చెంప నిమిరి నిదానంగా లేపింది.

ఇంటి దగ్గర మద్దిలేటి అప్పుడే మడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. కూతురిని చూసి అడిగాడు.

"ఏం పాపా, ఈతూరన్నా నిద్ర చెల్లిందా మీ జేజికి? మాత్రలు పని జేసినాయా?"

లీలావతి ఆయన ముఖంలోకి చూసింది. ఎప్పుడూ అట్లా చూసి ఎరగదు.

"నన్నెందుకు అడుగుతావు నాయనా? ఆడనే ఉండాది గదా. ఆయమ్మనే అడుగు."

మద్దిలేటి చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. చాలా రోజుల తర్వాత ఆయన తల్లి వైపు తిరిగి, ఆమె మీదుగా కాకుండా ఆమెనే చూశాడు. చేతి కట్టును, ఖాళీ మణికట్టును చూశాడు.

"అమ్మా..." అన్నాడు.

పంచలో ఎండ పడేచోట కొండమ్మ అప్పటికే కొంగు తలకింద పెట్టుకొని ఒరిగింది. పిలుపు వినపడినట్టు లేదు. ఆయన ఇంకోసారి పిలవబోయాడు.

"లేపొద్దు," అంది లీలావతి. "లేచినాక అడుగు. లేచేదాకా కూచో."

మద్దిలేటి చెంబు కింద పెట్టి, తల్లి పక్కన గోడకు ఆనుకొని కూర్చున్నాడు.